ఎవర్టన్ అభిమానిగా నేను క్లబ్ లెక్కలు చదివే పద్ధతి

2023 జనవరిలో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో ఆడే మా ఎవర్టన్, ఆంథొనీ గోర్డన్‌ను న్యూకాజిల్‌కు అమ్మేసింది. 40 మిలియన్ పౌండ్లు. చిన్నప్పటి నుంచీ మా అకాడమీలో పెరిగిన కుర్రాడు. అప్పటికి మేం పట్టికలో 19వ స్థానంలో ఉన్నాం. ఆ డబ్బుతో ఇద్దరు స్ట్రైకర్లను తెస్తారని ఆటగాళ్ల బదిలీల గడువు (విండో) మూసే రాత్రి నిద్ర మానుకుని కూర్చున్నాను. ఒక్కరూ రాలేదు. ఆ కోపం నాకు చాలా రోజులు తగ్గలేదు. డబ్బంతా ఏమైందని స్నేహితులతో వాదించాను. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నకు జవాబు వెతికే పద్ధతి నాకు అప్పుడు తెలియదు.

ఆ సీజన్ చివరి రోజు బోర్న్‌మౌత్ మీద అబ్దులాయ్ డుకోరే కొట్టిన గోల్‌తో రెలిగేషన్ నుంచి, అంటే కింది డివిజన్‌కు పడిపోవడం నుంచి బయటపడ్డాం. తర్వాతి సీజన్లో, 2023 నవంబర్ 17న, ఆర్థిక నిబంధనలు మీరినందుకు మాకు 10 పాయింట్లు కోత పడింది. 14 పాయింట్ల నుంచి 4 పాయింట్లకు, 14వ స్థానం నుంచి 19వ స్థానానికి వచ్చాం. ఆటలో ఓడిపోతే బాధపడటం వచ్చు. లెక్కల్లో ఓడిపోతే ఎలా బాధపడాలో కూడా తెలియలేదు. అప్పుడే ఒక నోట్‌బుక్ తీసుకుని మొదలుపెట్టాను. అకౌంటెన్సీ చదువుకోని వాళ్లు కూడా చేయగలిగిన పని ఇది. పెన్సిలు, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. ఇంగ్లండ్ క్లబ్‌ను అభిమానించే ఎవరికైనా పనికొస్తుంది.

ముందు కాగితం సంపాదించండి

వార్తల్లో వచ్చే నష్టం అంకెతో ఆగిపోవద్దు. బ్రిటన్‌లో ప్రతి కంపెనీ లెక్కలూ కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. మాదైతే ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ కంపెనీ లిమిటెడ్ అని వెతకాలి. ఫైలింగ్ హిస్టరీలోకి వెళ్తే వార్షిక లెక్కల పీడీఎఫ్ కనిపిస్తుంది. కొన్ని క్లబ్బులకు పైన ఇంకో హోల్డింగ్ కంపెనీ ఉంటుంది. అప్పుడు మొత్తం గ్రూప్ లెక్కలున్న ఫైలే తీసుకోండి. లేకపోతే సగం బొమ్మే చూస్తారు.

నాలుగు తేదీలు నోట్‌బుక్ అట్ట మీదే రాసుకోండి. జూన్ 30: చాలా క్లబ్బులకు లెక్కల సంవత్సరం ముగిసే రోజు. డిసెంబర్ 31: లీగ్‌కు లెక్కలు అందజేయాల్సిన గడువు. జనవరి మధ్య: ఎవరి మీదైనా అభియోగం పడితే ఆ రోజుల్లోనే పడుతుంది. 2024లో మా మీద రెండో అభియోగం, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ మీద మొదటిది జనవరి 15నే వచ్చాయి. మార్చి 31: జూన్‌లో సంవత్సరం ముగిసే ప్రైవేట్ కంపెనీలు కంపెనీస్ హౌస్‌కు లెక్కలు ఇవ్వాల్సిన ఆఖరు రోజు. అంటే మనం చదివే లెక్కలు ఎప్పుడూ తొమ్మిది నెలల పాతవి. ఈ మాట మరిచిపోతే అన్ని అంచనాలూ తప్పుతాయి.

ఈ తేదీల్లో జూన్ 30 ఎంత ముఖ్యమో ఫారెస్ట్‌ను అడగాలి. వాళ్లు బ్రెనన్ జాన్సన్‌ను 2023 సెప్టెంబర్ 1న టాటెన్‌హామ్‌కు 47.5 మిలియన్లకు అమ్మారు. ధర బాగుంది. కానీ అప్పటికి లెక్కల సంవత్సరం అయిపోయి రెండు నెలలైంది. లీగ్ అనుమతించే నష్టం పరిమితి (ఆ లెక్క కింద చెబుతాను) కంటే 34.5 మిలియన్లు ఎక్కువ నష్టం తేలింది, 4 పాయింట్లు పోయాయి. మంచి ధర కోసమే ఆగామని వాళ్లు చెప్పిన కారణం చెల్లలేదు. అందుకే ఇప్పుడు జూన్ చివరి వారంలో వచ్చే ప్రతి అమ్మకం వార్తనూ నేను ఆట కళ్లతో కాకుండా లెక్కల కళ్లతో చదువుతాను. 2024 జూన్‌లో మా కుర్రాడు లూయిస్ డాబిన్ ఆస్టన్ విల్లాకు వెళ్లాడు, అక్కడి టిమ్ ఇరోగ్‌బునమ్ మాకు వచ్చాడు. రెండు వార్తలూ ఒకదాని వెనక ఒకటి. తేదీ చూడగానే సంగతి అర్థమైంది: అమ్మకాలు జూన్ 30లోపే లెక్కల్లో పడాలి.

జీతాలు, రాబడి

పీడీఎఫ్ తెరవగానే ఛైర్మన్ సందేశం దాటేయండి. ప్రాఫిట్ అండ్ లాస్ పేజీకి, దాని కింది నోట్స్‌కు వెళ్లండి. రాబడి మూడు ముక్కలుగా ఉంటుంది: టీవీ డబ్బు, మ్యాచ్ రోజు వసూళ్లు, స్పాన్సర్లు తదితర కమర్షియల్ ఆదాయం. మొత్తం జీతాల ఖర్చును మొత్తం రాబడితో భాగించండి. మా 2022-23 లెక్కల్లో రాబడి 172.2 మిలియన్లు, జీతాలు 159 మిలియన్లు. 92 శాతం! వంద పౌండ్లు వస్తే 92 జీతాలకే పోయాయి. మిగిలిన ఎనిమిదిలో కరెంటు బిల్లు నుంచి విమానం చార్జీల దాకా, వడ్డీల దాకా. మరుసటి ఏడు రాబడి 186.9, జీతాలు 156.6. 84 శాతానికి దిగింది. ఆ ఎనిమిది శాతం తగ్గుదల చూసి నాకు ఒక మంచి డిఫెండర్ వచ్చినంత సంతోషం కలిగింది.

టీవీ డబ్బులో కొంత భాగం పట్టికలో స్థానాన్ని బట్టి వస్తుంది. ఒక్కో స్థానం విలువ సుమారు 3 మిలియన్లు. సీజన్ ఆఖరి రోజు 15వ స్థానమా 13వ స్థానమా అన్నది పరువు సంగతి మాత్రమే కాదు, ఒక ఆటగాడి ఏడాది జీతం.

అమార్టైజేషన్: ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోండి

నేను తప్పులో కాలేసింది ఇక్కడే. చాలామంది అభిమానులు ఇప్పటికీ వేస్తున్నదీ ఇక్కడే. 40 మిలియన్లకు అమ్మి 40 మిలియన్లకు కొంటే లెక్క సరిపోయిందనుకుంటాం. అలా కాదు.

ఆటగాణ్ని కొన్న ధరను కాంట్రాక్టు ఏళ్ల మీద పంచి, ఏటా కొంత ఖర్చుగా రాస్తారు. దీన్నే అమార్టైజేషన్ అంటారు. యంత్రానికి తరుగుదల రాసినట్టే. 40 మిలియన్లకు ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొన్నారనుకుందాం. ఏటా 8 మిలియన్ల ఖర్చు. వారానికి లక్ష పౌండ్ల జీతమైతే ఏడాదికి 5.2 మిలియన్లు. కలిపి 13.2. ఆ ఆటగాడు మీ క్లబ్‌కు పెట్టే అసలు వార్షిక భారం ఇది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో పడే 40 కాదు.

మూడేళ్లు గడిచాక పుస్తకాల్లో అతని విలువ 16 మిలియన్లు మిగులుతుంది. దీన్నే బుక్ వాల్యూ అంటారు. 25 మిలియన్లకు అమ్మితే లాభం 9. ధర ఎంత పెద్దగా వినిపించినా లెక్కల్లోకి వచ్చేది ఆ 9 మాత్రమే. 12 మిలియన్లకే అమ్మితే 4 మిలియన్ల నష్టం రాయాలి. ఆడని ఆటగాణ్ని ఎందుకు వదిలించుకోరని మనం విసుక్కునేటప్పుడు చాలాసార్లు కారణం ఈ అంకె. అమ్మే బదులు అతని కాంట్రాక్టును రెండేళ్లు పొడిగిస్తే అదే 16 మిలియన్లు నాలుగేళ్ల మీద పంచబడి ఏడాదికి 4 అవుతుంది. కాంట్రాక్టు పొడిగింపు వార్తల్లో సగం మర్మం ఇదే.

ఇప్పుడు గోర్డన్ సంగతి. అకాడమీ కుర్రాణ్ని ఎవరూ కొనలేదు కాబట్టి అతని బుక్ వాల్యూ సున్నా. అమ్మిన 40 మిలియన్లూ ఆ ఏడాదికి లాభమే. అప్పటికే మేం పరిమితి మీద వేలాడుతున్నాం. ఆ లాభం కొత్త స్ట్రైకర్ కోసం రాలేదు, ఉన్న గుంత పూడ్చడానికి వచ్చింది. నోట్‌బుక్‌లో ఈ లెక్క వేసుకున్న రోజు గోర్డన్ అమ్మకం మీద నా కోపం వేరే చోటికి మళ్లింది. అంతకుముందు ఐదారేళ్లు పెద్ద ధరలు పోసి, వయసు మళ్లుతున్న ఆటగాళ్లకు పొడుగు కాంట్రాక్టులు ఇచ్చిన నిర్ణయాల మీదికి. ఇప్పటి నిబంధనల కింద ప్రతి క్లబ్‌కూ అన్నిటికంటే తేలిగ్గా లాభం తెచ్చేది సొంత కుర్రాళ్లే. ఇది నాకు ఎంత మాత్రం నచ్చదు. ఊరి పిల్లవాణ్ని అమ్మితే బహుమానం, బయటివాణ్ని అమ్మితే సగం బహుమానం అనే లెక్క ఏ క్లబ్‌కూ మంచిది కాదు.

చెల్సీ 2023 జనవరిలో మిఖైలో ముద్రిక్, ఎంజో ఫెర్నాండెజ్‌లకు ఎనిమిదిన్నరేళ్ల కాంట్రాక్టులిచ్చింది ఈ పంపకాన్ని సాగదీయడానికే. ఆ ఏడాదే యూరప్ ఫుట్‌బాల్ సంఘం ఉయెఫా, తర్వాత ప్రీమియర్ లీగ్, పంపకానికి ఐదేళ్ల హద్దు పెట్టాయి. కాబట్టి కాంట్రాక్టు ఏడేళ్లని చదివినా, కొత్త కొనుగోలైతే మీరు ఐదుతోనే భాగించండి.

నోట్స్‌లో ఇన్‌టాంజిబుల్ అసెట్స్ అనే పట్టిక ఉంటుంది. ఆటగాళ్లందరి కొన్న ధర, ఇప్పటిదాకా రాసిన అమార్టైజేషన్, మిగిలిన బుక్ వాల్యూ అక్కడే మూడు వరుసల్లో కనిపిస్తాయి. నా నోట్‌బుక్‌లో ఎక్కువగా నలిగిన పేజీ ఆ పట్టికదే.

పీఎస్ఆర్ లెక్క మీరే వేయండి

ప్రీమియర్ లీగ్ లాభదాయకత, సుస్థిరత నిబంధనలను అందరూ పీఎస్ఆర్ అంటారు. మూడేళ్లలో 105 మిలియన్ల నష్టం దాకా అనుమతి, ఏడాదికి 35 చొప్పున. అయితే ఈ 105 ఊరికే రాదు. అందులో 15 మాత్రమే క్లబ్ సొంతంగా మోయొచ్చు, మిగతా 90 యజమాని వాటా పెట్టుబడిగా పెట్టి పూడ్చాలి. కింది డివిజన్లో గడిపిన ఏడాదికి 35 బదులు 13. ఫారెస్ట్ రెండేళ్లు కింద ఉన్నందుకు వాళ్ల పరిమితి 13, 13, 35 కలిపి 61 అయింది. కొత్తగా పైకి వచ్చిన క్లబ్ అభిమానులు ఈ కూడిక తప్పకుండా చేసుకోవాలి.

ఆ తర్వాత మినహాయింపులు తీసేయాలి. అకాడమీ, మహిళల జట్టు, సమాజ సేవ, స్టేడియం వంటి కట్టడాల ఖర్చు నష్టంలో లెక్కకు రాదు. ఇవి ఎంత తేడా తెస్తాయో మా లెక్కతోనే చూపిస్తాను. 10 పాయింట్ల కోత పడిన మొదటి కేసులో చూసిన ఏళ్లు ఇవి: 2018-19లో నష్టం 111.8 మిలియన్లు. కోవిడ్ వల్ల 2019-20, 2020-21 రెండిటి సగటు తీశారు: 139.9, 120.9 కలిపి సగం చేస్తే 130.4. ఆపై 2021-22లో 44.7. మొత్తం 286.9. ఈ కూడిక మొదటిసారి వేసినప్పుడు నాకు గుండె జారిపోయింది. కానీ మినహాయింపులన్నీ పోయాక విచారణ కమిషన్ తేల్చింది 124.5 మిలియన్లు. పరిమితికి 19.5 ఎక్కువ. అందువల్ల ప్రకటించిన నష్టం చూసి వెంటనే భయపడొద్దు, వెంటనే ధైర్యపడొద్దు. కట్టడాలు, అకాడమీ మీద మీ క్లబ్ ఎంత పెడుతోందో నోట్స్‌లో చూసి, కొంచెం తక్కువ చేసి అంచనా వేసుకోండి. ఆ అంచనా పక్కన ప్రశ్నార్థకం గుర్తు పెట్టడం మరవొద్దు. మినహాయింపుల పూర్తి జాబితా క్లబ్ బయటపెట్టదు.

శిక్ష పడితే తీర్పు పత్రం చదవండి, సారాంశం సరిపోదు. 2024 ఫిబ్రవరి 26న అప్పీలులో మా 10 పాయింట్లు 6కు తగ్గాయి. మేం చేసిన వాదనల్లో రెండే నిలిచాయి. స్టేడియం అప్పు విషయంలో క్లబ్ నిజాయితీగా లేదని అనడం తప్పన్నది ఒకటి. కింది లీగ్‌లో ఇలాంటి తప్పుకు ఎన్ని పాయింట్లు తీస్తున్నారో చూడకపోవడం తప్పన్నది రెండోది. ఆ నాలుగు పాయింట్లు తిరిగొచ్చిన సోమవారం నాకు మా ఊరి ప్రత్యర్థి లివర్‌పూల్ మీద డెర్బీ గెలిచిన రోజులా ఉంది.

రూల్ వేరు, డబ్బు వేరు

పీఎస్ఆర్‌లో పాసైతే క్లబ్ బాగున్నట్టేనని అనుకోవద్దు. స్టేడియం కట్టే ఖర్చు నిబంధన లెక్కలోకి రాదు గానీ ఆ డబ్బు ఎక్కడి నుంచో రావాలిగా. మేం బ్రామ్లీ మూర్ డాక్‌లో కొత్త స్టేడియం కడుతున్న రోజుల్లో, 2023 జూన్ నాటికి, నికర అప్పు 330 మిలియన్లు దాటింది. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో రష్యన్ కుబేరుడు అలీషేర్ ఉస్మానోవ్ కంపెనీ యూఎస్‌ఎం స్పాన్సర్‌షిప్ ఆగిపోయింది. అప్పు చేసి పప్పుకూడు తిన్న ఏళ్లన్నీ ఒకేసారి ఎదురు తిరిగాయి.

దీన్ని పట్టుకోవడానికి ఆడిటర్ నివేదికలో గోయింగ్ కన్సర్న్ అనే పేరా వెతకండి. వచ్చే పన్నెండు నెలలు సంస్థ నడుస్తుందా అన్న ప్రశ్నకు ఆడిటర్ జవాబు అక్కడుంటుంది. మెటీరియల్ అన్‌సర్టెనిటీ (అంటే నడుస్తుందో లేదోనన్న గట్టి అనుమానం) అనే మాట కనిపిస్తే బదిలీ పుకార్లన్నీ పక్కన పెట్టేయండి. మా 2022-23 లెక్కల్లో ఆ మాట ఉంది. అది చదివిన రాత్రి నాకు రెలిగేషన్ టెన్షన్ చిన్నదిగా అనిపించింది. 2024 డిసెంబర్‌లో ఫ్రీడ్‌కిన్ గ్రూప్ క్లబ్‌ను కొన్నాకే ఊపిరి తీసుకున్నాను.

2026-27 నుంచి లెక్క మారుతుంది

2025 నవంబర్ 21న ప్రీమియర్ లీగ్ క్లబ్బులు పీఎస్ఆర్ స్థానంలో స్క్వాడ్ కాస్ట్ రేషియో పెట్టాలని ఓటేశాయి. ఆటగాళ్లు, హెడ్ కోచ్ జీతాలు, అమార్టైజేషన్, ఏజెంట్ ఫీజులు కలిపి, ఫుట్‌బాల్ రాబడికి ఆటగాళ్ల అమ్మకాల నికర లాభం చేర్చిన మొత్తంలో 85 శాతానికి మించకూడదు. పైన తొలుత 30 శాతం వెసులుబాటు ఉంది. దాన్ని వాడితే డబ్బు కట్టాలి, అదీ దాటితే పాయింట్లు పోతాయి. యూరప్ పోటీల్లో ఆడే క్లబ్బులకు ఉయెఫా హద్దు ఇంకా గట్టిది, 70 శాతం. ఉయెఫా 2025లో చెల్సీకి 31 మిలియన్ యూరోలు, విల్లాకు 11 మిలియన్ యూరోలు జరిమానా వేసింది. చెల్సీ తన హోటళ్లను, మహిళల జట్టును సొంత గ్రూప్ కంపెనీలకే అమ్మి చూపిన లాభం ఇంగ్లండ్‌లో చెల్లింది, ఉయెఫా దగ్గర చెల్లలేదు.

మనకు మాత్రం ఈ పద్ధతి తేలిక. మూడేళ్ల నష్టాలు, మినహాయింపులు పట్టుకుని తిప్పలు పడక్కర్లేదు. మొత్తం జీతాలకు అమార్టైజేషన్ కలిపి, రాబడితో భాగిస్తే ముతకగానైనా అంచనా దొరుకుతుంది. మొత్తం జీతాల్లో ఆఫీసు సిబ్బంది కూడా ఉంటారు కాబట్టి మీ అంకె అసలు దానికంటే కొంచెం ఎక్కువగా వస్తుంది. మా పాత మైదానం గుడిసన్‌లో సుమారు 39 వేల సీట్లుంటే కొత్త స్టేడియంలో 52 వేలకు పైగా ఉన్నాయి. ఆ భాగహారంలో కింది అంకె పెరగడం చూడాలని నాకు ఆరాటంగా ఉంది.

ఫామ్‌ను లెక్కల పక్కనే రాయండి

నా నోట్‌బుక్‌లో ఎడమ పేజీ డబ్బుది, కుడి పేజీ ఆటది. కుడి పేజీలో రెండు వరుసలు: మైదానంలో సంపాదించిన పాయింట్లు, పట్టిక చూపించే పాయింట్లు. 2023-24లో ఈ రెండు వరుసలు లేకపోతే నేను జట్టును తప్పుగా అర్థం చేసుకునేవాణ్ని. మేం గెలుచుకున్నవి 48 పాయింట్లు. పట్టికలో మిగిలినవి 40. ఏప్రిల్ 6న బర్న్‌లీ మీద 1-0తో గెలిచి మూడు పాయింట్లు రాసుకున్నాను. ఎనిమిదో తేదీన రెండో కేసులో రెండు పాయింట్లు కొట్టేయాల్సి వచ్చింది. ఆ కొట్టివేత ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

చివరి ఐదు మ్యాచ్‌ల ఫామ్‌ను నమ్మొద్దు. అదే సీజన్లో కోత పడ్డాక డిసెంబర్‌లో వరుసగా నాలుగు గెలిచాం, ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా. అప్పటి మా కోచ్ డైచ్ జట్టు యూరప్ పోటీలకు వెళ్తుందన్నవాళ్లున్నారు. తర్వాత 13 లీగ్ మ్యాచ్‌లు గెలుపు లేదు. కిందికి పోయినట్టేనన్నారు. ఆపైన సొంత మైదానంలో వరుసగా ఐదు గెలుపులు, అందులో లివర్‌పూల్ మీద 2-0 కూడా. నేను పది మ్యాచ్‌ల సగటు తీస్తాను, పక్కన ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ (వచ్చిన అవకాశాల నాణ్యతను బట్టి పడాల్సిన గోల్స్) అంకె రాస్తాను. గోల్స్ పడకపోయినా మంచి అవకాశాలు వస్తుంటే కంగారు తగ్గుతుంది. గోల్స్ పడుతున్నా అవకాశాలు రాకపోతే గెలిచిన రాత్రే జాగ్రత్త పడతాను.

విండో తెరిచే ముందు రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ స్థానంలో ఆటగాడు కావాలో కుడి పేజీ చెబుతుంది. ఏడాదికి ఎంత భారం మోయగలమో ఎడమ పేజీ చెబుతుంది. కావాల్సినవాడి ధరను ఐదుతో భాగించి జీతం కలిపి, కాంట్రాక్టు ముగిసి వెళ్లిపోయేవాళ్ల జీతాలు, అమార్టైజేషన్ అందులోంచి తీసేయండి. మిగిలిన అంకె ఎడమ పేజీలో ఇమిడితే ఆశ పెట్టుకోవచ్చు.

ఇక మార్చి 31న కొత్త లెక్కలు వచ్చినప్పుడు వెనక నుంచి మొదలుపెట్టండి. ఆఖరి నోట్స్‌లో, సంవత్సరం ముగిశాక జరిగిన సంఘటనలు అనే చిన్న నోట్ ఉంటుంది. జూన్ 30 తర్వాత ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి క్లబ్ ఒప్పుకున్న మొత్తాలు ఒకటి రెండు వాక్యాల్లో అక్కడే చెప్పేస్తారు. పత్రికల్లో వేసవి అంతా నలిగిన ధరలను ఆ వాక్యాలతో పోల్చి, తేడా ఉన్నవి నోట్‌బుక్‌లో సరిదిద్దుకోండి. నేను ముందు చదివేది ఆ పేరానే, రాబడి పేజీకి ఆ తర్వాతే వెళ్తాను.